యూరప్ ట్రిప్: వియన్నా, లిస్బన్, రోమ్.. సమ్మర్‌లో హాయిగా తిరగాలంటే ఏది బెటర్?

మే వచ్చిందంటే వైజాగ్‌లో ఉక్కపోతే. ఈసారి అరకు కాదు, యూరప్ వెళ్దామని ప్లాన్ వేస్తున్నారా? అయితే 'పది రోజుల్లో ఐదు దేశాలు' ప్యాకేజీ చూసి తొందరపడకండి. రోజూ పొద్దున్నే సూట్‌కేస్ సర్దుకుని బస్సెక్కడంతోనే సరిపోతుంది. రెస్ట్ కావాలంటే ఒక సిటీ, మహా అయితే రెండు.. అంతే. మరి ఏది ఎంచుకోవాలి?

వియన్నా: పెద్దవాళ్లు, చిన్నపిల్లలు వెంట ఉంటే ఇదే బెస్ట్. సిటీ సెంటర్ చాలావరకు చదునుగా ఉంటుంది. ఎక్కడికైనా ట్రామ్, మెట్రో దొరుకుతాయి. షోన్‌బ్రున్ ప్యాలెస్ తోటలో తిరగడానికి టికెట్ అక్కర్లేదు. ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వచ్చే కుళాయి నీళ్లు నేరుగా తాగేయొచ్చు. రెండో సిటీ కావాలంటే ప్రాగ్‌కు రైల్లో సుమారు 4 గంటలు.

లిస్బన్: సముద్రం లేకపోతే తోచదు అనేవాళ్లకు ఇది. 1497లో వాస్కోడిగామా మన దేశానికి బయల్దేరింది ఈ రేవు నుంచే. కాష్‌కాయిష్ బీచ్‌కు లోకల్ ట్రైన్‌లో దాదాపు 40 నిమిషాలు. కానీ ఊరంతా ఎత్తుపల్లాలే. మోకాళ్ల నొప్పులుంటే కష్టం. అట్లాంటిక్ నీళ్లు మన బంగాళాఖాతంలా వెచ్చగా ఉండవు.

రోమ్: కొలోసియం, వాటికన్.. చూడాల్సినవి చాలా ఉన్నాయి. జులై, ఆగస్టుల్లో మాత్రం ఎండ 30 డిగ్రీలు దాటుతుంది, జనం కూడా ఎక్కువే. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోకపోతే క్యూలోనే సగం రోజు పోతుంది.

ఎప్పుడు వెళ్లాలి?
మన స్కూళ్లకు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. ఇది కలిసొచ్చే విషయమే. మేలో ఈ మూడు సిటీల్లోనూ పగలు సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీలే ఉంటుంది. రాత్రి ఎనిమిది దాకా వెలుతురే. ఒక్క విషయం.. అక్కడ అన్ని హోటళ్లలోనూ ఏసీ ఉండదు. బుక్ చేసేటప్పుడే చూసుకోండి.

వీసా దగ్గరే అసలు చిక్కు
ఈ మూడూ షెంజెన్ దేశాల్లోనే ఉన్నాయి, కాబట్టి ఒక్క వీసా చాలు. కానీ ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి. వియన్నాలో 6 రోజులు, రోమ్‌లో 3 రోజులైతే ఆస్ట్రియాకు అన్నమాట. రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి.

ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45. ఆరేళ్లలోపు వారికి లేదు. అంటే భార్యాభర్తలు, ఎనిమిదేళ్ల పాప వెళ్తే 225 యూరోలు. సర్వీస్ ఛార్జీలు అదనం. వీసా రాకపోతే ఈ ఫీజు వెనక్కి ఇవ్వరు. కనీసం 30 వేల యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 రోజులు కూడా పట్టొచ్చు. మే ట్రిప్‌కు సంక్రాంతి వెళ్లగానే పని మొదలుపెడితే టెన్షన్ ఉండదు.

విశాఖ నుంచి యూరప్‌కు నేరుగా ఫ్లైట్ లేదు. దారిలో మారాల్సిందే. అందుకే వీసా చేతికి రాకుండా రీఫండ్ లేని టికెట్లు మాత్రం కొనొద్దు. ముందు సిటీ, తర్వాత వీసా, ఆ తర్వాతే టికెట్.