నాన్న అడిగిన సున్నం సంగతి

ఆఫీసు పని మీద బీజింగ్ వెళ్తున్నానంటే అమ్మ 'స్వెట్టర్ పెట్టుకో' అంది. నాన్న మాత్రం 'ఆ పెద్ద గోడకి ఏం సున్నం వాడారో చూసి రారా' అన్నాడు. నలభై ఏళ్లు తాపీ పట్టిన మనిషి మరి!

శనివారం సెలవు దొరకగానే ముటియాన్యు బయల్దేరా. బీజింగ్ నుంచి సుమారు 70 కిలోమీటర్లు. కేబుల్ కార్ 14వ బురుజు దగ్గర దింపింది. కొండల వీపు మీదుగా పాకుతూ పోయే గోడ. చదునైన చోటు తక్కువ. మెట్లు ఒకటి జానెడుంటే, ఇంకోటి మోకాలెత్తు. రోజంతా కుర్చీలో కూర్చునే నాకు రెండు బురుజులు దాటేసరికే ఆయాసం. మరి ఈ ఇటుకల్ని ఇంత పైకి మోసినవాళ్లో?

ఈ గోడ ఒక్కసారి కట్టింది కాదు. అన్ని రాజవంశాలవీ కలిపితే 21,196 కిలోమీటర్లని 2012లో చైనా లెక్క తేల్చింది. నేను నిలబడింది మింగ్ వంశం (1368–1644) నాటి భాగం. 1980ల్లో బాగుచేసి సందర్శకులకు తెరిచారు.

నాన్న ప్రశ్నకి జవాబు ముందే చదివి వెళ్లా. మింగ్ కాలపు గోడల్లో చాలాచోట్ల సున్నంలో జిగురు బియ్యపు గంజి కలిపారు. గంజిలోని అమైలోపెక్టిన్ అనే పిండిపదార్థం వల్ల సున్నం స్ఫటికాలు చిన్నగా, ఒత్తుగా ఏర్పడతాయి. ఆ పట్టు వందల ఏళ్లు నిలిచింది.

అక్కడి నుంచే వీడియోకాల్ చేసి చూపిద్దామనుకున్నా. కానీ చైనా నెట్‌లో వాట్సాప్ రాదు. అదింకో గోడ!

ఇంటికొచ్చాక ఫొటోలు చూపిస్తూ గంజి సంగతి చెప్పా. 'మనవాళ్లు బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపేవారు' అన్నాడు నాన్న. ఫొటో పెద్దది చేసి ఇటుకల అతుకులు చూశాడు. 'కట్టినవాళ్ల పేర్లు ఎక్కడైనా ఉన్నాయా?' అనడిగాడు.

జిన్‌షాన్‌లింగ్ దగ్గర కొన్ని ఇటుకల మీద ఏడాది, వాటిని చేసిన సైనిక దళం పేరు ఉంటాయని చెప్పా. మేస్త్రీల పేర్లు కాదు. నాన్న ఏమీ అనలేదు. ఆయన కట్టిన ఇళ్ల గేట్ల పక్కన కూడా ఓనర్ల పేర్లే ఉంటాయి.

మొన్న మా ప్రహరీకి నాన్నే సిమెంటు పూశాడు. అది ఆరకముందే మేకుతో ఆయన పేరు, ఏడాది రాసేశా. 'ఎందుకురా ఇదంతా' అన్నాడు. తాపీ చేతిలోనే ఉంది గానీ, చెరపలేదు.