చిన్న యంత్రమునకు తగిన వోల్టేజి రెగ్యులేటరు

గడచిన దసరా సెలవులలో మా విద్యార్థులు గంటకొకసారి ఉష్ణోగ్రతను నమోదు చేయు చిన్న యంత్రము నొకదానిని పాఠశాల వరండాలో అమర్చి ఇండ్లకు వెళ్లిరి. హోసూరు చలి ఏ వేళ ఎంత యుండునో తొమ్మిది దినముల లెక్క తీయవలెనని వారి కోరిక. తిరిగివచ్చి చూడగా నాలుగవ దినముతో లెక్క ఆగిపోయి యుండెను. ప్రోగ్రాము వ్రాసిన తొమ్మిదవ తరగతి బాలుని మేము నలుగురి యెదుట మందలించితిమి. పని లేనపుడు చిప్పును నిద్రపుచ్చుట మరచెనని మా అనుమానము. పిమ్మట మీటరు పెట్టి చూడగా అతని ప్రోగ్రాము సరిగనే యున్నది. దోషము మేము ఎంచి యిచ్చిన 7805 రెగ్యులేటరు వలన కలిగినది, అనగా మాది.

బ్యాటరీ వోల్టేజి క్రొత్తలో హెచ్చుగ నుండి వాడిన కొలది తగ్గును. చిప్పునకు స్థిరమైన వోల్టేజి నిచ్చుటయే రెగ్యులేటరు పని. అయితే తన పోషణకు అదియు కొంత కరెంటు తీసికొనును. దీనిని విశ్రాంత ప్రవాహ మందము. 7805నకు ఇది సుమారు 5 మిల్లీ ఆంపియర్లు. నిద్రలో నున్న మా చిప్పునకు చాలునది కొన్ని మైక్రో ఆంపియర్లు మాత్రమే. మైక్రో యనగా మిల్లీలో వెయ్యవ వంతు. 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీలో సుమారు 500 మిల్లీ ఆంపియరు గంటల నిల్వ యుండును. 500ను 5చే భాగింపగా 100 గంటలు, అనగా నాలుగు దినములు. కంచెయే చేను మేసినది!

కావున రెగ్యులేటరును ఎంచుటకు ముందు తయారీదారు ఇచ్చు వివరపత్రమున నాలుగు సంగతులు చూడవలెను.

మొదటిది విశ్రాంత ప్రవాహము. ఎం.సి.పి. 1702 అను రకమునకు ఇది సుమారు 2 మైక్రో ఆంపియర్లే. ఆ బ్యాటరీతోనే లెక్క వేసినచో రెగ్యులేటరు వంతు ఖర్చు 28 సంవత్సరములకు సరిపోవును. బ్యాటరీయే అంతకు చాల ముందు తనంత తాను క్షీణించును.

రెండవది అది తట్టుకొనగల వోల్టేజి. ఎం.సి.పి. 1700 ఇంకను పొదుపరి. కాని దానికి 6 వోల్టులు మించి ఇవ్వరాదు. 9 వోల్టుల బ్యాటరీకి తగిలించినచో చెడిపోవును. 1702 అయినచో 13.2 వోల్టుల వరకు ఓర్చును.

మూడవది లోపలికి వచ్చు వోల్టేజికిని, వెలుపలికి పోవు దానికిని ఉండవలసిన కనీస భేదము. 7805నకు సుమారు 2 వోల్టులు కావలెను. కనుక బ్యాటరీ 7 వోల్టులకు దిగగానే, లోపల నిల్వ మిగిలియున్నను, 5 వోల్టులు నిలువవు.

నాలుగవది యంత్రము మేలుకొన్న క్షణమున కోరు గరిష్ఠ ప్రవాహము. రేడియో వంటి భాగ మున్నచో అది నిద్రలోని దానికి వేల రెట్లుండును. రెగ్యులేటరు దానిని ఈయగలుగవలెను. వివరపత్రము చెప్పిన కెపాసిటరును తప్పక చేర్చవలెను. లేనిచో వోల్టేజి ఊగులాడును.

మిగులు వోల్టేజిని వేడిగా పోగొట్టక మార్చి యిచ్చు స్విచింగు రకములును కలవు. ఎడతెగక హెచ్చు కరెంటు వాడు యంత్రములకు అవి మేలు. మా వంటి నిద్రపోతు యంత్రమునకు వాని అదనపు భాగములు అనవసరము.

ఒక్కొక్కప్పుడు రెగ్యులేటరే అక్కరలేదు. మేము వాడిన ఆట్‌మెగా 328పి చిప్పు, తక్కువ వేగమున నడిపినచో, 1.8 నుండి 5.5 వోల్టుల వరకు పనిచేయును. 1.5 వోల్టుల ఘటములు రెండు వరుసగా కలిపి నేరుగా ఇచ్చినను చాలును. ఉష్ణోగ్రతను కొలుచు భాగమును అంత తక్కువ వోల్టేజికి ఓర్చునదై యుండవలెను.

ఈ సంగతి మాకు చెప్పినది ఆ బాలుడే. అందరి యెదుట మందలించితిమి గనుక అందరి యెదుటనే ప్రార్థనా సమయమున మా తప్పు నొప్పుకొంటిమి. యంత్రము ఆగినచో మొదట మీటరు చూడవలెను; మనుష్యుని అనుమానించుట ఆ తరువాతి మాట.