రాయపూరు నగరమున వేసవి తాపము: స్థలభేదములను గూర్చిన వివరణ

1. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర రాజధానియగు రాయపూరు సముద్రమునకు దూరముగా మైదానమున నున్నది. ఇచ్చట మే మాసమున పగటి యుష్ణము 42 డిగ్రీల సెంటిగ్రేడును దాటుట సామాన్యము. రోహిణి కార్తెలోని తొలి తొమ్మిది దినములను స్థానికులు నౌతపా యందురు. 2015 మే మాసమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి మించి వడదెబ్బచే మరణించిరి. కావున ఈ విషయము ఉపేక్షింపదగినది కాదు.

2. వాతావరణ శాఖవారు ప్రకటించు ఉష్ణోగ్రత, నేలకు సుమారు 4 అడుగుల యెత్తున, గాలి చొరబడు తెల్లని పెట్టెలో కొలిచినది. తారు రోడ్డుపై పనిచేయు కూలివానికి దగులు తాపము అంతకంటె నధికము. అతనిపై సూర్యకిరణములు పడుటయే గాక, రోడ్డును గోడలును వెలువరించు వేడిమియు సోకును. గాలి యుష్ణము 35 డిగ్రీలను మించినప్పుడు చర్మముకంటె గాలియే వేడిగా నుండును. అప్పుడు దేహము చల్లబడుటకు చెమట ఆఱుటయే ముఖ్యసాధనము.

3. ఈ కారణములను కలిపి కొలుచు సూచికను 1957లో యాగ్లూ, మినార్డు అనువారు అమెరికా సైనిక శిక్షణ శిబిరములకొఱకు ప్రకటించిరి. అందు పదింట 7 పాళ్లు తడిగుడ్డ చుట్టిన యుష్ణమాపకమునకు, 2 పాళ్లు ఎండలో నుంచిన నల్లని గోళములోని మాపకమునకు, 1 పాలు నీడలోని పొడి మాపకమునకు చెందును. గాలిలోని తేమకు గల ప్రాధాన్యము దీనివలన తెలియును.

4. స్థలభేదములు ఇట్లుండును. చెట్లులేని బజారులలో రాళ్లును తారును పగలు వేడిమిని గ్రహించి రాత్రి విడుచును. అందుచే నిద్రయందును దేహమునకు విశ్రాంతి చాలదు. బూఢా తాలాబు, తేలీబాంధా వంటి చెఱువుల గట్టున గాలి కొంత చల్లబడును; గాలి స్తంభించినచో తేమవలన ఆ లాభము తగ్గును. దట్టమైన చెట్లనీడ కిరణములను ఆపుటచే మిక్కిలి మేలైనది. ఉర్లా, సిల్తారా పారిశ్రామిక ప్రాంతములలోని ఇనుప కర్మాగారములందు కొలిమి వేడిమి ఎండకు తోడగును.

5. జూన్ మాసమున వానలకు ముందు ఉష్ణమాపకము కొంత దిగినను తేమ హెచ్చుటచే చెమట ఆఱదు. అంకె తగ్గినదని జాగ్రత్తలను మానుట ప్రమాదకరము.

6. కావున అధికారులు నగరమంతటికి ఒకే అంకెను నమ్మక, పని జరుగు స్థలమును స్వయముగా పరీక్షింపవలెను. బయటి పనులను ఉదయమునకును సాయంకాలమునకును మార్చవలెను. కూలీలు గుమిగూడు చోట్లను బస్సు నిలుపు స్థలములను పందిళ్లు, చలివేంద్రములు ఏర్పరుపవలెను. బోరే బాసీ యను నీటిలో నానిన అన్నము ఇచ్చటి శ్రామికులకు పరిచితమైన వేసవి యాహారము. తెలుగువారి చద్దన్నము వంటిది. పనికి ముందు దానిని తినుట నీటి లోటును కొంత తగ్గించును.

7. ఎండలో నున్నవానికి ఒడలు కాలుచు మతి తప్పినచో వడదెబ్బయని యెంచి, నీడకు చేర్చి, ఒడలెల్ల తడిపి విసరుచు, జాగుచేయక ఆసుపత్రికి పంపవలెను. స్పృహలేనివానికి నోట నీరు పోయరాదు.