తుపాకిమందు: వేడి చెప్పు సాక్ష్యము



తడి యారని గడ్డిని వామి వేసినచో లోపల వేడి పుట్టుననియు, ఒక్కొక్కప్పుడు ఎవ్వరును నిప్పు పెట్టకయే వామి యంటుకొనుననియు మీరెఱుగుదురు. లోపల పుట్టెడి వేడి వెలుపలికి పోవు వేడిని మించుటయే దీనికి కారణము. తుపాకిమందు నిలువలయందును ఈ ధర్మమే పనిచేయును. దానిని గూర్చి నేడు మనవి చేసెదను.

1884లో పాల్ వియేయ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పొగ లేని తుపాకిమందును కనుగొనెను. దానికి మూలద్రవ్యము నైట్రోసెల్యులోజు. ఇది పెట్టెలో కదలక యున్నను, మిక్కిలి మెల్లగా విచ్ఛిన్నమగుచు వేడిని విడుచుచుండును. అప్పుడు పుట్టిన వాయువులు ఆ విచ్ఛిత్తినే మఱింత త్వరపెట్టును. ఫ్రాన్సునందలి టూలాన్ రేవులో 1907 మార్చి 12న ఇయేనా యను యుద్ధనౌకయు, 1911 సెప్టెంబరు 25న లిబెర్తె యను నౌకయు మందు ప్రేలి నాశనమయ్యెను. వందలకొలది జనులు మరణించిరి. నాడు యుద్ధము లేదు; చెడిన మందే కారణమని యెంచబడెను.

మందు చెడుట కంటికి కనబడదు. వేడి మాత్రము సాక్ష్యము పలుకును. ఆ సాక్ష్యము వినుటకే కెలోరిమీటరు అను ఉష్ణమాపకము. కొలదిపాటి మందును చిన్న పాత్రలో మూసి, పరిసరోష్ణమును స్థిరముగ నిలిపి, వెలువడు వేడిని దినముల తరబడి కొలుతురు. వాట్‌లో పదిలక్షవ పాలగు మైక్రోవాట్‌ను సైతము నేటి యంత్రములు గుర్తించును.

అయినను పది సంవత్సరములు కాచియుండుట యెట్లు? కావు పెట్టిన మామిడికాయ త్వరగా పండునట్లు, వేడి హెచ్చినకొలది విచ్ఛిత్తియు త్వరితమగును. ఎంత వేడికి ఎంత త్వరయో తెలుపు సూత్రమును 1889లో ఆరీనియస్ అను స్వీడను శాస్త్రజ్ఞుడు వివరించెను. పలు ఉష్ణోగ్రతలయొద్ద కొలిచి, ఆ సూత్రముచే చల్లని కొట్టులోని గతిని గణింతురు. నాటో దేశముల ప్రమాణము ప్రకారము 80 డిగ్రీల సెంటిగ్రేడునొద్ద 10.6 దినముల పరీక్ష, 25 డిగ్రీలయొద్ద పది సంవత్సరముల నిలువకు సమానము. అప్పుడు గ్రామునకు 114 మైక్రోవాట్లు మించరాదు.

ఇంత స్వల్పమైన వేడికి భయమేల యనవచ్చును. గ్రాము మందులోని వేడి గాలిలో కలిసిపోవును. గుట్టగా పోసిన మందులో నడిమి వేడికి దారి లేదు. కావుననే కొలతతోపాటు రాశి పరిమాణమును లెక్కింపవలెను. డైఫెనిలమీను అను ద్రవ్యమును కొంచెము కలిపినచో అది ఆ చెడు వాయువులను పట్టి యుంచును. అది తరిగిపోయిన పిమ్మట రక్షణ లేదు. కనుక నిలువలను కాలక్రమమున పరీక్షించి, తప్పినవానిని ముందే తొలగించుట ప్రాణరక్షణము. నిశ్చలముగ నున్నదంతయు నిరపాయమని నమ్మరాదు.