లస్కరు పెట్టె: రౌటరు క్షేమ సమాచారము

ధవళేశ్వరము దిగువను పుట్టి పెరిగినవారికి నీటి పంపకమును గూర్చి ఒకరు చెప్పవలసిన పని లేదు. ఆర్థరు కాటన్ 1852 నాటికి పూర్తి చేయించిన ఆనకట్టకు బదులుగా నేడు 175 గేట్లు గల బారేజి నిలిచియున్నది. అచ్చట నిలిచిన నీరు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల ప్రధాన కాలువలలో ప్రవేశించి, పంట కాలువలుగా చీలి, తుదకు బోదెల వెంట చేలకు చేరుచున్నది. ఏ తూము ఎంత ఎత్తవలెనో, ఏది దించవలెనో చూచుకొనుటకు లస్కరులు కలరు.

ఇంటర్నెట్టు వ్యవస్థలో ఆ లస్కరు పని చేయు యంత్రమే రౌటరు. మనము పంపు మాటయు, చిత్రమును ప్యాకెట్లనబడు చిన్న చిన్న పొట్లములుగా విడిపోవును. ప్రతి పొట్లముమీదను చేరవలసిన చిరునామా యుండును. రౌటరు ఆ చిరునామాను తన పట్టికతో సరిచూచి, తగిన దారిని పంపును.

కోనసీమలోని మోరి గ్రామమున 2016 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వపు ఫైబర్‌నెట్ సేవలు ప్రారంభమైనవి. వెలుగును మోసికొనిపోవు ఆ గాజు తీగను విద్యుత్ స్తంభముల మీదుగా లాగి ఊరూరికి చేర్చిరి. గల్ఫు దేశమున పని చేయు కుమారుని ముఖమును కోనసీమలోని తల్లి చూచుకొనుట నేడు ఇట్టి తీగ మీదనే. పరీక్ష రుసుము కట్టుటయు, పింఛను వివరము తెలిసికొనుటయు దీని మీదనే. అందుచే ఒక్క పూట ఈ దారి మూసికొనిపోయినను ఇల్లంతయు కలవరపడుచున్నది.

కలవరములో మనము చేయు పని యేమి? పెట్టెను తట్టుదుము. గుండుసూదితో వెనుకనున్న చిన్న రంధ్రమును పొడుచుదుము. తుదకు క్రొత్త పెట్టె కొందుము. మాకు తెలిసిన ఒక కుటుంబమువారు ఇట్లే రెండు పెట్టెలు మార్చిరి. కడపట చూడగా దోషము పెట్టెలో లేదు. దానికి విద్యుత్తు నందించు అడాప్టరులో నున్నది. వైద్యుడు నాడి చూడకుండ మందు ఈయడు గదా! రౌటరుకును నాడి కలదు. అడిగినచో తన క్షేమము తానే చెప్పును.

ముందు దాని లోపలి భాగములను చూతము. వెనుకటి వాల్వు రేడియోను విప్పి చూచినవారికి ఇది కష్టము కాదు. విద్యుత్తును తగు పాళ్లకు దించు భాగము మొదటిది. సీపీయూ అనబడు ప్రాసెసరు ఆలోచన చేయు భాగము. ర్యామ్ పలక వంటిది. దానిపై వ్రాసినది విద్యుత్తు పోగానే చెరిగిపోవును. ఫ్లాష్ పెట్టెలోని గ్రంథము. యంత్రమును నడిపించు సాఫ్టువేరు అందుండును. నిలిచియుండు మరియొక జ్ఞాపకములో మనము చేసిన ఏర్పాట్లు దాగియుండును. తీగలు తగిలించు ద్వారములు ఇంటర్‌ఫేసులు. విద్యుత్తు పెట్టగానే యంత్రము ముందు తన్ను తాను పరీక్షించుకొని, గ్రంథమును తెరచి, ఏర్పాట్లను పలకపైకి ఎత్తుకొని, పనికి దిగును. అందుకే దీపములు స్థిరపడుటకు కొన్ని నిమిషములు పట్టును.

కళాశాలలలోను, కార్యాలయములలోను ఉండు పెద్ద రౌటర్లను కంప్యూటరు నుండి ఆజ్ఞలు టైపు చేసి ప్రశ్నింపవచ్చును. సిస్కో రౌటర్లలో ‘షో వెర్షన్’ అన్నచో సాఫ్టువేరు ఏదో, ర్యామ్ ఎంతో, ఎంత కాలముగా నిలువకుండ పనిచేయుచున్నదో, కడపటిసారి ఏల ఆగి లేచినదో చెప్పును. ఎవరును ముట్టకయే తరచుగా ఆగి లేచుచున్నచో ముందుగా విద్యుత్తును అనుమానింపవలెను. ‘షో ఎన్విరాన్‌మెంట్’ అన్నచో పెద్ద యంత్రములు తమ ఉష్ణోగ్రతను, పంకాల స్థితిని, విద్యుత్ భాగముల స్థితిని తెలుపును.

‘షో ప్రాసెసెస్ సీపీయూ’ అన్నచో ప్రాసెసరు శ్రమను 5 సెకనులకు, 1 నిమిషమునకు, 5 నిమిషములకు వేర్వేరుగా లెక్కగట్టి చూపును. 5 సెకనుల అంకె ఒకసారి పైకెగసినంత మాత్రమున భయము లేదు. 5 నిమిషముల అంకె దిగకున్నచో విచారింపవలెను.

‘షో ఇంటర్‌ఫేసెస్’ అన్నది మరింత ఉపయోగకరము. ప్రతి ద్వారమును గూర్చి రెండు మాటలు వచ్చును. రెండును ‘అప్’ అయినచో దారి బాగున్నది. మొదటిది ‘అప్’, రెండవది ‘డౌన్’ అయినచో తీగ తగిలియున్నది గాని అవతలి యంత్రముతో సంభాషణ కుదరలేదు. రెండును ‘డౌన్’ అయినచో తీగ ఊడియో తెగియో యుండవచ్చును. ‘అడ్మినిస్ట్రేటివ్లీ డౌన్’ అన్నచో లస్కరు కావలెననియే తూము దించినాడన్నమాట. పైనున్నవారెవరో ఆ ద్వారమును మూసినారు. ‘సీఆర్‌సీ’ అన్న లెక్క పెరుగుచున్నచో పొట్లములు దారిలో చెడి చేరుచున్నవని గ్రహింపవలెను.

ఇంటి పెట్టెకు ఇన్ని ఆజ్ఞలు అక్కరలేదు. ‘పింగ్’ అన్నది చాలును. కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ తెరచి, పింగ్ అని వ్రాసి, పెట్టె అడుగున చీటిపై నున్న అంకె, సాధారణముగా 192.168.1.1, చేర్చవలెను. జవాబు వచ్చినచో ఇంటి లోపలి దారి బాగున్నది. పిమ్మట 8.8.8.8 ను అడుగవలెను. అది గూగుల్ సంస్థవారి బహిరంగ సేవ. జవాబు వచ్చినచో బయటి దారియు బాగున్నది. మూడవసారి ఏదేని వెబ్‌సైటు పేరును అడుగవలెను. అంకెకు పలికి పేరుకు పలుకకున్నచో, పేరును చిరునామాగా మార్చు ఏర్పాటులో దోషమున్నది. లోపలిది పలికి బయటిది పలుకకున్నచో పెట్టెపైనున్న ‘లాస్’ దీపమును చూడుడు. అది ఎర్రగా వెలుగుచున్నచో గాజు తీగలో వెలుగు రాలేదు. తుపాను గాలికి స్తంభముల మధ్య తీగ తెగినదేమో! అట్టి వేళ క్రొత్త పెట్టె కొనుట వ్యర్థము.

ఒక్క హెచ్చరిక. వెనుక రంధ్రమున సూదితో నొక్కుట వేరు; స్విచ్చి ఆర్పి మరల వేయుట వేరు. ఆర్పి వేసినచో దాచిన ఏర్పాట్లు నిలుచును. సూదితో నొక్కి పట్టినచో సంకేత పదములతో సహా అన్నియు చెరిగిపోవును. పెద్ద రౌటర్లలోనైతే, చేసిన మార్పును ‘కాపీ రన్నింగ్ కాన్ఫిగ్ స్టార్టప్ కాన్ఫిగ్’ అని భద్రపరుపకున్నచో, విద్యుత్తు పోయినప్పుడు ఆ మార్పు పోవును. అడాప్టరు మార్చవలసివచ్చినచో పెట్టెపై వ్రాసిన వోల్టులతో సరిచూచుకొనుడు. రోహిణి కార్తె ఎండలలో పెట్టెను మూసిన బీరువాలో ఉంచకుడు.

ధవళేశ్వరమున నీటి మట్టము 11.75 అడుగులకు చేరగానే మొదటి హెచ్చరిక వెలువడును. అంకెకు అర్థమేర్పడుట, వరద లేని దినములలో గూడ గేజిని చూచి వ్రాసికొనుట చేతనే గదా. మన పెట్టెయు అంతే. బాగున్న దినమున ఏ దీపము ఏ రంగున నుండునో, పింగ్ జవాబు ఎన్ని మిల్లీసెకనులలో వచ్చునో ఒక కాగితముపై వ్రాసియుంచుడు. చెడిన దినమున ఆ కాగితమును చూచి, ‘పెట్టె పలుకుచున్నది, తీగలో వెలుగు లేదు’ అని లైనుమానుకు చెప్పగలిగినచో, అతడు మీ ఇంటికి గాక నేరుగా స్తంభము దగ్గరకు పోవును. ఆ తల్లి సాయంకాలము లోపలనే కుమారుని ముఖమును చూడగలుగును.