బీ షిఫ్టుకీ రిహార్సల్‌కీ మధ్య

మార్చి 4 దగ్గర పడుతోందంటే పాశమైలారం కంపెనీల్లో హెల్మెట్లు తళతళలాడతాయి. అది జాతీయ భద్రతా దినోత్సవం. జెండా, ప్రతిజ్ఞ, క్విజ్ పోటీ, చివర్లో కార్మికులే వేసే ఓ స్కిట్. చిట్కుల్ నుంచి డ్యూటీకి వెళ్లే ఓ కుర్రాడు ఆ స్కిట్‌లో సూపర్‌వైజర్ వేషం కట్టాడట. ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ తాగుతూ అడిగాడు: "సార్, నాటకానికి గూడ డిగ్రీ ఉంటదంట గదా. గది సదివినోళ్లు ఏమైతరు?"

సినిమాల్లోకి పోతారు అనేది నోటికి తేలిగ్గా వచ్చే జవాబు. తిరువీర్ ఉన్నాడు. తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలు చదివి, 'మసూద', 'పరేషాన్' దాకా వచ్చాడు. కుర్రాడి కళ్లు వెలిగాయి. కానీ తెరకెక్కిన పేర్లతోనే లెక్క కడితే నాటక శాఖలు చేసిన పనిలో పావు వంతు కూడా కనపడదు.

అసలు మన విశ్వవిద్యాలయాల్లో నాటకానికి చోటు ఇప్పించినవాళ్లు నాటకం ప్రొఫెసర్లు కారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అబ్బూరి రామకృష్ణారావు లైబ్రేరియన్, కె.వి. గోపాలస్వామి రిజిస్ట్రార్. పుస్తకాలు చూసుకునే ఒకాయన, ఫైళ్లు చూసుకునే ఒకాయన పట్టుబడితే విశాఖలో ఆరుబయలు రంగస్థలం లేచింది. అక్కడి విద్యార్థి గొల్లపూడి మారుతీరావు 'మనస్తత్వాలు' నాటకాన్ని ఢిల్లీలో అంతర విశ్వవిద్యాలయ యువజనోత్సవాల దాకా తీసుకెళ్లారు. ఇవాళ రిజిస్ట్రార్ ఆఫీసుకు నాటకం కాగితం పట్టుకెళ్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మన వైపు కథ గచ్చిబౌలిలో ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1974లో పుట్టింది. 1988లో దానికి సరోజినీ నాయుడు పేరిట కళల పాఠశాల వచ్చింది. ఇక్కడ రంగస్థల కళల్లో పీజీ రెండేళ్లు. నటన ఒక్కటే కాదు, లైటింగు, సెట్టు, మేకప్పు, దర్శకత్వం అన్నీ చేతులతో చేసి నేర్చుకోవాల్సిందే. రేకు డబ్బాకు రంధ్రం కొట్టి లైటు చేసుకోవడం కూడా ఆ చదువులో భాగమే అంటే మన పటాన్‌చెరు ఫిట్టర్లు చప్పున అర్థం చేసుకుంటారు.

అక్కడ పాఠం చెప్పినవాళ్ల దారులు చూడండి. మొదలి నాగభూషణ శర్మ రాసిన నాటకాల కన్నా, తయారుచేసిన మనుషుల జాబితా పెద్దది. 2013లో సంగీత నాటక అకాడమీ పురస్కారం ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. సత్యబ్రత రౌత్ ఒడిశా మనిషి. చిత్రకారుడు వాన్ గో జీవితం మీద 'తుమ్హారా విన్సెంట్' ఆడించి, బొమ్మల్లోని పసుపునూ నీలాన్నీ రంగస్థలం మీద పారబోశాడు. బి. అనంతకృష్ణన్ 2023లో కేరళ కళామండలానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. కథకళి గురువులు నడిచే ఆవరణకు గచ్చిబౌలి నాటకం మేష్టారు పెద్ద దిక్కు కావడం చిన్న సంగతేం కాదు. వీళ్ల శిష్యుల్లో చాలామంది వేరే రాష్ట్రాల్లో, కాలేజీల్లో, వీధి నాటక బృందాల్లో, లైట్ల వెనక చీకట్లో ఉన్నారు. పోస్టర్ మీద పేరుండదు.

పటాన్‌చెరు నుంచి ఆ క్యాంపస్‌కు బస్సెక్కితే లింగంపల్లి మీదుగా పోవాలి. అక్కడే సురభి కాలనీ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన కుటుంబ నాటకం ఇక్కడ గూడు కట్టుకుంది. వాళ్లకు సర్టిఫికెట్లు లేవు, ఉయ్యాల్లోనే ఒంటి మీదకు వేషం వస్తుంది. 1990ల్లో బి.వి. కారంత్ వాళ్ల దగ్గరికి వచ్చి 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీ దేవత యాదమ్మ' చేయించారు. చివరిది జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ కథ, హైదరాబాద్ బస్తీలోకి దిగింది. సురభి బాబ్జీగా పేరున్న నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది. చదివి నేర్చినవాళ్లూ, పుట్టి నేర్చినవాళ్లూ ఇంత దగ్గరగా ఉన్న ఊరు దేశంలో అరుదు. అయినా రెండు గేట్ల మధ్య రాకపోకలు ఉండాల్సినన్ని లేవని నాకనిపిస్తుంది.

ఉద్యోగం సంగతి? నెట్ పాసై లెక్చరర్ కావచ్చు. రేడియో ఉంది. తెలంగాణ వచ్చాక సర్కారు పెట్టిన సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు నెల జీతం దొరికింది. వాళ్లలో పాటగాళ్లదే పైచేయి. సర్కారు బడిలో డ్రిల్లు సారు ఉంటాడు, డ్రాయింగు సారు ఉంటాడు. డ్రామా సారు మాత్రం ఉండడు.

మళ్లీ స్కిట్ దగ్గరికి వద్దాం. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచీ పరిశ్రమ పేలి నలభై మందికి పైగా చనిపోయారు. ఒడిశా, బిహార్, యూపీ మనుషులు అందులో ఎందరో. అన్ని భాషలు పనిచేసే షెడ్డులో తెలుగు బోర్డు, ఇంగ్లిష్ బోర్డు ఎంతమందికి ఎక్కుతాయి? మాట రాకపోయినా ఒంటితో చెప్పగలగడం, గుంపును నిలబెట్టి చూసేలా చేయడం నాటకం చదివినవాడి మొదటి పాఠం. ఇక్కణ్ణుంచి గంట ప్రయాణంలో అలాంటి వాళ్లు ఏటా బయటికొస్తున్నారు. కంపెనీలు మాత్రం స్కిట్ పనిని హెచ్‌ఆర్ ట్రైనీకి అప్పజెబుతాయి.

కుర్రాడు ఓపిగ్గా విన్నాడు. డిగ్రీ ఏదైనా సరే, ఎంట్రన్స్ రాయొచ్చని చెప్పాను.

"షిఫ్టు చేస్కుంట సదవొచ్చా సార్?"

"పొద్దంతా క్లాసులు. రాత్రి రిహార్సల్."

కంపెనీ బస్సు హారన్ కొట్టింది. గ్లాసు పెట్టి నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"మరి గా సార్లు పండేదెప్పుడు?"