పినాంగులో ఐసుగిన్నె

మలయా భాషలో ఐసుగడ్డను 'ఆయెర్ బాతు' అంటారు. ఆయెర్ అంటే నీళ్ళు, బాతు అంటే రాయి. నీటిరాయి అన్నమాట! మంచు ఎరుగని దేశంలో గడ్డకట్టిన నీళ్ళను తొలిసారి ముట్టుకున్నవాడికి అంతకంటే మంచి మాట తోచి ఉండదు.

మొన్న వేసవి సెలవుల్లో నేనూ, మా ఆవిడా, మా అమ్మాయీ మలేషియా పడమటి తీరాన ఉన్న పినాంగు దీవికి వెళ్ళాం. దీవికి ఉత్తరాన బాతు ఫెరింగీ అనే ఇసుక తీరం ఉంది. అక్కడి ఎండ బెజవాడ ఎండంత కాదు గాని, చెమట మాత్రం ఆరదు. ఒడ్డునున్న హోటల్లో ఐస్‌క్రీము ధర చూసి మా ఆవిడ ఆ అట్ట మూసి బల్లమీద పెట్టేసింది.

"బస్సెక్కి ఊళ్ళోకి పోదాం పదండి. ఇక్కడివాళ్ళు ఏం తింటున్నారో మనమూ అదే తిందాం" అంది.

ఊరంటే జార్జిటౌను. 2008లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చిన పాత పట్నం. పినాంగు రోడ్డు పక్కన లెబూ కెంగ్ క్వీ అనే సందులో 1936లో మొదలైన చెండోల్ అంగడి ఉంది. గిన్నె నాలుగైదు రింగిట్లు. మన డబ్బులో వంద రూపాయలకు అటూ ఇటూ. కూర్చునే చోటు తక్కువ, నిలబడి తినేవాళ్ళే ఎక్కువ.

గిన్నె చేతికి రాగానే మా అమ్మాయి మొహం చిట్లించింది. తురిమిన ఐసు, కొబ్బరిపాలు, అందులో పచ్చపచ్చగా పురుగుల్లాంటివేవో, వాటి పక్కన ఉడికిన ఎర్ర చిక్కుడు గింజలు! "ఐసులో గుగ్గిళ్ళేమిటి నాన్నా?" అంది. బొబ్బట్టులో శనగపప్పు తినే జాతికి ఆ సందేహం తగదని చెప్పి చెంచా చేతికిచ్చాను.

ఆ పచ్చనివి బియ్యప్పిండితో చేసినవే. ఉడికిన పిండిని చిల్లుల చట్రం మీద రుద్ది చన్నీళ్ళలోకి జారుస్తారు. రంగూ వాసనా పాందాన్ ఆకువి. అది మన మొగలికి దాయాది మొక్క. తీపి మాత్రం 'గులా మెలాకా'ది. గులా మన 'గుడ' శబ్దమే, సంస్కృతం నుంచి ఓడెక్కి వెళ్ళింది. కొబ్బరిగెల కోసి దింపిన నీరా కాచి, వెదురు గొట్టాల్లో పోసి ఆరబెట్టిన బెల్లం అది. తాటిబెల్లం తిన్న నాలుకకు కొత్తగా ఉండదు. ఆ పొగచూరిన తీపి, చిటికెడు ఉప్పు తగిలిన కొబ్బరిపాలు, ఆపైన చల్లదనం! మూడో చెంచాకు మా అమ్మాయి మాట్లాడటం మానేసింది.

రెండోది 'ఐస్ కచాంగ్'. దీనికి 'ఐస్ బాతు చంపూర్' అనీ పేరు, ముద్దుగా ఏ.బి.సి. అంటారు. చంపూర్ అంటే కలగలుపు. తెలుగు చెప్పుకు బతికేవాడికి చంపూకావ్యం గుర్తు రాకుండా ఉంటుందా? గద్యపద్యాలకు బదులు ఇందులో చిక్కుడు గింజలు, మొక్కజొన్న, నల్లని ఆకుజెల్లీ, ముంజల్లా మెరిసే నీపా తాటి గింజలు. పైన గుట్టగా ఐసు, గులాబీ పాకం. పూర్వం ఐసును వడ్రంగి చిత్రిక పట్టినట్టు చేత్తోనే తురిమేవారు.

ఐసు ఒకప్పుడు దొరల భోగం. అమెరికాలో బోస్టను నుంచి ఓడలో వచ్చిన మంచుగడ్డలు దాచడానికే 1842లో మద్రాసు సముద్రపొడ్డున ఐస్ హౌసు కట్టారు. తర్వాత యంత్రాలొచ్చి, ఊరూరా ఐసు ఫ్యాక్టరీలు వెలిశాకగాని కూలివాడి చేతికి అది అందలేదు.

ఈ మాట పుస్తకంలో చదివిందే గాని, మనిషి నోట వినడం అక్కడే. గర్నీ డ్రైవు దగ్గర ఐస్ కచాంగ్ తింటుంటే మా తెలుగు విని పక్కబల్ల పెద్దాయన పలకరించాడు.

"ఏ వూరు బాబూ? మాది బాగన్ దాతో. మా తాత సికాకోలు కాణ్ణించి ఓడెక్కొచ్చి కొబ్బరితోటలో కూలికి సేరినాడు. కూలిడబ్బులిచ్చిన్నాడు మా నాయిన ఐసుముద్ద కొనిపెట్టేవోడు. గిన్నే లేదు, సెంచా లేదు, సేతిలోనే ముద్ద. ఇంటికొచ్చీసరికి మోసేతి దాకా ఎర్రపాకం కారిపోయేది."

తర్వాత బండివాడి వైపు చూపించి, "ఆయనకి డెబ్బై దాటినాయి. కొడుకు సింగపూర్లో ఇంజనీరు. ఈయన తరవాత ఈ బండికి ఎవులున్నారు?" అన్నాడు.

గిన్నె ఎందుకింత చవకో అప్పుడు తెలిసింది. పెళ్ళాం గింజలు ఉడికిస్తుంది, మొగుడు ఐసు తురుముతాడు, ఎవరి కూలీ లెక్కలోకి రాదు. 2014లో అక్కడి రాష్ట్ర ప్రభుత్వం బండ్లమీద స్థానిక వంటకాలను విదేశీ వంటవాళ్ళు వండకూడదని నిర్ణయించి, 2016 నుంచి అమలుపెట్టింది. రుచి చెడకూడదని వారి ఆరాటం. కాని ఎవరు వండకూడదో చెప్పే చట్టం, ఎవరు వండుతారో చెప్పలేదు. ఆ ఇంజనీరు తిరిగొచ్చి ఐసు తురమాలని నేనెలా అంటాను? 'చదువుకోండిరా, పైకి రండిరా' అని పాతికేళ్ళుగా క్లాసులో చెబుతున్నవాడినే గదా! అయినా ఆ బండి లేని గర్నీ డ్రైవును ఊహించుకోవాలంటే మనసొప్పలేదు.

సగ్గుబియ్యం సంగతి మరిచాను. ఆ 'సగ్గు' మలయా మాటే. వాళ్ళది సాగు చెట్టు బోదెలోని పిండి, మనది కర్రపెండలం పిండి. గులా మెలాకా, కొబ్బరిపాలు పోసిన చల్లని సగ్గుబియ్యం తిని మా ఆవిడ, "పాయసాన్ని ఐసులో పెడితే సరి" అని తేల్చేసింది.

వెళ్ళేవారికి ఒక్క మాట. తీపి ఎక్కువనుకుంటే జాజికాయ రసం అడగండి. మనం గింజే ఎరుగుదుం. అక్కడ దానిపైనుండే పండు కండతో పుల్లగా, ఘాటుగా పానీయం చేస్తారు. పినాంగు రోడ్డు పక్కసందులో కిటికీలోంచి అందించే 'ఐస్ తింకాప్' కూడా తాగవచ్చు. తింకాప్ అంటే కిటికీయే. అందులో సబ్జా గింజలుంటాయి. చెండోల్‌కు మాత్రం మధ్యాహ్నం పెందలాడే వెళ్ళండి. ఎండ ముదిరేకొద్దీ వరస సందు దాటి పోతుంది.